గాలం గాటు లేని చేప

చేప నోరు తెరిచి చూసింది లీలావతి. పై పెదవి చూసింది, కింది పెదవి చూసింది, దవడ లోపలికి వేలు పోనిచ్చి తడిమింది. ఎక్కడా చిల్లు లేదు, చీరిక లేదు. గాలానికి పడిన చేపకి నోట్లో ఎక్కడో ఒకచోట గాటు ఉండి తీరాలి. ఈ పండుగప్ప పెదవి మాత్రం పెళ్ళికూతురి పెదవిలా నున్నగా ఉంది.

"అబ్బో, ఎంత పోరాడిందనుకున్నావు చెల్లెమ్మా!" హాల్లోంచి సుధాకరరావు గొంతు వినిపిస్తోంది. "రీలు తిప్పీ తిప్పీ నా చెయ్యి పడిపోయింది."

"అలాగా అన్నయ్యగారూ," అంది లీలావతి, చేప నోరు మూసేసి.

కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆయన ఊదుకుంటూ తాగుతుంటే పక్కన నిలబడి తేరిపార చూసింది. చొక్కా ఇస్త్రీ నలగలేదు. ఊరి చివర క్రాంజీ ఎండలో చేపల చెరువు గట్టున కూర్చుని వచ్చినవాడి మెడ కందిపోవాలి. ఈయన మెడకి పౌడరు కూడా చెరగలేదు. పైగా ఎన్నడూ లేనిది, కాఫీలో పంచదార తక్కువైందని సణగకుండా గబగబా తాగేశాడు.

"మావాడికి ప్రాణమైన చేప. ఫ్రిజ్‌లో పెట్టుకో, సోమవారానికి బాగుంటుంది," అని లేచి, చెప్పులు వేసుకుంటూ కూడా ఆమె ముఖం చూడకుండా లిఫ్ట్ వైపు వెళ్ళిపోయాడు.

సోమవారం లీలావతి భర్త వెంకటరాజు సంవత్సరీకం.

వెంకటరాజుది ఉప్పుటేరు పక్క పల్లె. వాళ్ళ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. సంవత్సరీకం నాడు పెద్దల ఫొటో ముందు వాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి విస్తరి వేస్తారు. తలుపు దగ్గరగా వేసి కాసేపు బయట కూర్చుంటారు, పోయినవాళ్ళు స్థిమితంగా తినాలని. అందరిళ్ళలో ఉండేదే. అయితే వాళ్ళింట్లో విస్తట్లో వేసే చేప కొన్నది కాకూడదు. ఇంటివాడో, ఇంటివాడి తరఫున అయినవాడో తన చేత్తో పట్టిందే పెట్టాలి. చేపలు పట్టి బతికిన వంశం కదా, కొన్న చేప పెడితే పెద్దలు విస్తరి ముట్టరని వాళ్ళ నమ్మకం. సింగపూర్ వచ్చాక కూడా వెంకటరాజు తన తండ్రికి ప్రతి ఏడూ అలాగే పెట్టుకున్నాడు. షిప్‌యార్డులో ఫోర్‌మన్ పని, ఒళ్ళు హూనమయ్యే పని. అయినా తండ్రి తిథి వచ్చిందంటే గాలం పట్టుకుని బయలుదేరేవాడు.

ఇప్పుడు ఆయనకే పెట్టాల్సి వచ్చింది. కొడుకులు లేరు. ఉన్న ఒక్క కూతురు కీర్తిక జురాంగ్ ఈస్ట్‌లో ఆఫీసు ఉద్యోగం చేస్తుంది, బతికున్న చేపని చూస్తేనే కెవ్వుమంటుంది. అందుకే లీలావతి నోరు తెరిచి సుధాకరరావుని అడిగింది. ఆయన బ్యాంకులో పెద్ద పనిలో ఉన్నా, వెంకటరాజుతో కలిసి ఏళ్ళ తరబడి ఒకే గట్టు మీద గాలం వేసినవాడు. ఆయన కంటే అయినవాడు ఈ ఊళ్ళో ఎవరున్నారు?

ఆ అయినవాడే ఇప్పుడు బజారు చేప తెచ్చి అబద్ధం చెప్పి వెళ్ళాడు.

లీలావతికి అనుమానం కొత్త కాదు. ఆకివీడు దగ్గర చేపల చెరువు గట్టు మీద పుట్టి పెరిగింది. అయిదో తరగతితో బడి ఆగిపోయింది గానీ చేప మొప్ప ఎత్తి చూడడం అంతకు ముందే వచ్చేసింది. పాల ప్యాకెట్టు కోసి వాసన చూడకుండా గిన్నెలో పొయ్యదు. ఇంటి దగ్గర యూ టీ మార్కెట్లో చేపలు అమ్మే చీనా ఆయన ఆమెని దూరం నుంచి చూడగానే, "పోలీస్ ఆంటీ కమింగ్!" అని అరుస్తాడు. ఆమె పొట్ట నొక్కుతుంది, కన్ను చూస్తుంది, మొప్ప ఎత్తుతుంది. చివరికి "సియాకప్ నిన్నటిది కదా?" అని మలయ్ పేరుతో అడుగుతుంది. ఆయన చచ్చినట్టు లోపలి నుంచి ఇంకోటి తీస్తాడు. పండుగప్పని ఇక్కడ సియాకప్ అంటారు, ఇంగ్లీషులో సీబాస్.

బజారు చేపని అంతగా అనుమానించిన మనిషి, మొగుడు తెచ్చిన చేపని ఏనాడూ అనుమానించలేదు. ఆ సంగతి ఇప్పుడు, సింకు ముందు నిలబడ్డాక తెలిసొచ్చింది.

మొదట్లో ఆయన తెచ్చిన చేపలకి గాటు ఉండేది. ఒకసారి పొలుసు తీస్తుంటే దవడలో మిగిలిపోయిన గాలం ముక్క వేలికి గుచ్చుకుంది కూడా. మరి ఆఖరి రెండేళ్ళలో? ఎంత తలుచుకున్నా ఒక్క గాటూ గుర్తు రాలేదు. ఒకసారి మాటవరసకి, "ఇదేంటండీ, నోరు శుభ్రంగా ఉంది?" అంటే, "ఎర మింగేసిందే. గొంతులోంచి తీశాను," అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా. ఆమె నమ్మి చింతపండు నానబెట్టుకుంది.

ఒక సంగతి గుర్తొస్తే దాని వెనకే ఇంకోటి వచ్చింది. ఆదివారాలు ఆయన విప్పి పడేసిన చొక్కాలు. వాటికి చెరువు బురద ఉండేది, రొయ్య ఎర వాసన ఉండేది. ఆఖర్లో వాటితో పాటు ముంజేతి దగ్గర పసుపు మరక కూడా ఉండేది. చేపల పులుసు మరక. ఆయన చేప తెచ్చేది సాయంత్రం, ఆమె పులుసు పెట్టేది ఆ తరువాత. మరి మధ్యాహ్నమే చొక్కా మీద పులుసు ఎక్కడిది? అడిగితే, "హాకర్ దగ్గర తిన్నా, ఒలికింది," అన్నాడు. ఏ హాకర్ సెంటర్ తిండి కొట్లోనైనా మన చింతపండు పులుసు దొరుకుతుందా?

ఎవరి గిన్నెలోది ఆ పులుసు? ఆదివారాలు ఆ మనిషి నిజంగా వెళ్ళింది ఎక్కడికి?

ఫొటోలో వెంకటరాజు నవ్వుతున్నాడు. నిన్నటి దాకా అది మామూలు నవ్వే. ఇవాళ ఆ నవ్వు కూడా ఏదో దాచినట్టే కనిపించింది.

ఆఫీసు నుంచి వచ్చిన కీర్తికకి చేప నోరు తెరిచి చూపించింది.

"అమ్మా, ప్లీజ్! డిన్నర్ టైంలో ఏంటిది? ఫిష్ ఈజ్ ఫిష్ లా."

"ఇది కొన్న చేప. మీ నాన్నకి పెట్టడానికి లేదు."

"సుధాకర్ అంకుల్ ఎందుకు లై చేస్తారు? వై యూ సో సస్పీషియస్ వన్?"

"అదే కనుక్కోవాలి. రేపు ఆదివారం. మీ నాన్న వెళ్ళే చెరువుకి నన్ను తీసుకెళ్ళు."

"నువ్వా? ఫిషింగ్ పాండ్‌కా?"

"ఏం, నేను చెరువు ముఖం చూడలేదా? చెరువు గట్టు మీదే పుట్టాను."

పులుసు మరక సంగతి మాత్రం కూతురితో అనలేదు. అది ఎదిగిన పిల్లకి చెప్పే మాట కాదు.

మర్నాడు యూ టీలో రైలెక్కి పక్క స్టేషన్ క్రాంజీలో దిగారు. అక్కడి నుంచి బస్సు. ఇళ్ళు తగ్గిపోయి, తోటలూ కోళ్ళ ఫారాలూ కూలీలుండే డార్మిటరీ గోడలూ కిటికీలో కదులుతుంటే, ఈ దారి తను ఒక్కసారి కూడా చూడలేదని లీలావతికి అప్పుడు తట్టింది. ఇన్నేళ్ళలో ఆయన రమ్మనలేదు, ఆమె వస్తాననలేదు. ఆదివారం ఆయనకి చెరువు, ఆమెకి ఇల్లు సర్దుకోవడం. "చేప తెచ్చే పనైతే వెళ్ళండి. లేకపోతే ఇంట్లో ఉండి ఫ్యాన్లు తుడవండి," అనేది నవ్వుతూ. ఆయన ఒక్క ఆదివారం కూడా ఉత్త చేతులతో రాలేదు. ఒక్కటంటే ఒక్క ఆదివారం. చేపలు పట్టేవాడి ఇంట్లో అలా జరుగుతుందా? ఆమె నాన్న కాలవకి వెళ్ళి ఎన్నిసార్లు ఉత్త చేతులతో రాలేదు!

బస్సులో కూర్చుని ఇంకో పాత సంగతి నెమరేసుకుంది. ఒక ఆదివారం ఆయన సంచిలోంచి ఓ వింత చేప తీశాడు. మట్టిరంగు ఒళ్ళు, దాని మీద సిరా ఒలికినట్టు నల్ల మచ్చలు, లావాటి పెదాలు.

"బొంత చేపా?" అంది, నమ్మకం లేకుండా.

"బొంతే అనుకో. హైబ్రిడ్. రెండు రకాల బొంతల్ని కలిపి పుట్టించారు. టౌకే కొత్తగా చెరువులోకి వదిలాడు." టౌకే అంటే చెరువు యజమాని.

"తల్లి ఒక జాతీ, తండ్రి ఒక జాతీనా? కులం గోత్రం తెలియని చేప నా గిన్నెలోకి రాదు. తీసేయండి ముందు."

"రుచి చూసి చెప్పవే."

"చూడను. పండుగప్ప తెస్తే తెండి, లేకపోతే మానేయండి."

ఆయన నవ్వి, దాన్ని పక్క ఫ్లాట్ మలయ్ వాళ్ళకి ఇచ్చేసి వచ్చాడు. మళ్ళీ ఎప్పుడూ అలాంటి చేప ఇంటికి రాలేదు. వచ్చినవన్నీ పండుగప్పలే. నున్నటి పెదాల పండుగప్పలు.

బస్సు దిగి మట్టిదారిన కొంత నడిస్తే చెరువు వచ్చింది. లీలావతి ఊహించుకున్న చెరువు కాదది. నాలుగు పలకలుగా సిమెంటు గట్టు, మీద రేకుల నీడ, నీళ్ళలో తెల్లగా నురగ కక్కుతూ తిరిగే ఏరేటర్లు. గట్టు పొడుగునా ప్లాస్టిక్ కుర్చీలు. మంచి చోటు పోకుండా కొందరు కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి, ఇక్కడి మాటలో చోప్ చేసి, టీకి వెళ్ళారు. గేటు దగ్గర టౌకే, బనీను పైకి మడిచి పొట్ట మీద గాలి తగిలేలా కూర్చుని టికెట్లు చింపుతున్నాడు. ఆ వెనకే మేత బస్తాలు.

మేత బస్తాలు చూడగానే ఆమెకి ఆకివీడు చెరువు గుర్తొచ్చింది. చేపపిల్లల సీడు వదలడం, మేత వేయడం, ఏరేటర్ తిప్పడం. అక్కడ చెరువు చేపని ఎవరూ గాలం వేసి పట్టరు. వల లాగి, తూకం వేసి అమ్ముతారు. ఇక్కడేమో వదిలింది టౌకే, మేపింది టౌకే, గేటు దగ్గర టికెట్టు కొంటే గాలం వేసుకోవచ్చు. మరి ఇది పట్టిన చేపా, కొన్న చేపా? ఈ మాట ఆమె వెంకటరాజుని అడిగింది కూడా. ఆయన, "టికెట్టు కొంటే కూర్చునే చోటు కొన్నట్టే పిచ్చిదానా. నోరు తెరవాలా వద్దా అన్నది చేప ఇష్టం. దాని ఇష్టాన్ని ఎవడూ కొనలేడు," అన్నాడు. అప్పుడు ఒప్పుకుంది. ఇప్పుడు మళ్ళీ అనుమానం వచ్చింది.

అంతలో ఆమె కాలు ఆగిపోయింది.

గట్టు చివర ఎవరో కుర్రవాడు, పాతికేళ్ళు ఉంటాయేమో, నీళ్ళ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. అతని చేతిలో ఉన్నది వెంకటరాజు రాడ్డు. అనుమానం లేదు. పిడి జారకుండా చుట్టిన గుడ్డ ఆమె పాత చీర అంచు. మామిడిపిందెల అంచు. ఆమే చించి ఇచ్చింది, ఆయనే చుట్టుకున్నాడు. ఆయన పోయాక అది ఏమైందని అడిగితే, "విరిగిపోయింది చెల్లెమ్మా, పారేశాం," అన్నాడు సుధాకరరావు.

"ఒరే అబ్బాయ్! ఆ రాడ్డు నీదా?"

కుర్రవాడు ఉలిక్కిపడి తిరిగాడు. తెలుగు విని ముఖం వెలిగింది, ఆమె చూపు చూసి అంతలోనే ఆరిపోయింది.

"కాదండి. రాజు అంకుల్‌ది అండి."

"రాజు అంకుల్ నీకేమవుతాడు? సుధాకరరావు దగ్గర కొన్నావా?"

"అయ్య బాబోయ్, కొనడమేంటండి!" అతను రాడ్డుని రెండు చేతులతో ఎదురుగా పట్టుకున్నాడు, అప్పగిస్తున్నట్టు. "ఆఖరి ఆదివారం అంకుల్ నా చేతికిచ్చి, కాసేపు చూడు ఏసుబాబూ, నేను తడి గుడ్డతో మొహం తుడుచుకుని వస్తానన్నారండి. ఒంట్లో బాగోలేదని అటు నుంచి అటే టాక్సీలో వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. సుధాకర్ అంకుల్ని ఇల్లెక్కడని అడిగితే, నీ దగ్గరే ఉంచుకో అన్నారండి."

ఆ టాక్సీ ఇంటికి వచ్చింది, ఇంటి నుంచి ఆస్పత్రికి వెళ్ళింది. లీలావతికి తెలుసు. ఆ తరువాత ఏం జరిగిందో కూడా తెలుసు. ఆమె గొంతు కాస్త తగ్గింది గానీ కన్ను తగ్గలేదు.

సరిగ్గా అప్పుడే, పక్క కుర్చీల్లోంచి ఎవరో తల దించుకుని మెల్లగా టీ కొట్టు వైపు జారుకోవడం కీర్తిక కంటపడింది.

"సుధాకర్ అంకుల్! హాయ్! వేర్ యూ గోయింగ్?"

సుధాకరరావు ఆగాడు. వెనక్కి తిరిగాడు. రొయ్యల డబ్బా చేతిలోంచి జారి గట్టు మీద ఒలికింది.

"చెల్లెమ్మా, నువ్వేంటి ఇక్కడ?"

"నిన్నటి చేప అంత పోరాడింది కదా అన్నయ్యగారూ, ఆ యుద్ధం జరిగిన చోటు చూద్దామని వచ్చాను."

ఏసుబాబు నవ్వు ఆపుకోలేక నీళ్ళ వైపు తిరిగిపోయాడు. సుధాకరరావు కుర్చీ లాగి ఆమెని కూర్చోమని, తను నిలబడి, చొక్కా బొత్తాం తిప్పుకుంటూ చెప్పాడు.

"నిజమే, కొన్నాను. ఏం చెయ్యను? రెండు వారాలుగా పొద్దస్తమానం కూర్చున్నా. పండుగప్ప ఒక్కటి నోరు తెరిస్తే ఒట్టు. ఈ టౌకే హైబ్రిడ్ బొంతల్ని వదిలినప్పటి నుంచి ఇదే గోల. ఎర నీళ్ళలో పడకముందే అడుగు నుంచి లేచి అవే లాగేస్తాయి. పండుగప్పలు మూలకి పోయి బిక్కుబిక్కుమంటూ నిలబడతాయి. కొత్తగా వదిలినవి మరీ దారుణం, పుట్టినప్పటి నుంచి గుళికల మేత తిన్నవి. బతికున్న రొయ్యని చూస్తే అదేదో పురుగు అనుకుంటాయి."

"పోనీ జలాశయానికి వెళ్ళొచ్చుగా? అక్కడా బాస్ ఉంటుందని ఆయన అనేవాడు."

"అది పీకాక్ బాస్ చెల్లెమ్మా, వేరే. మన దేశపుదీ కాదు, ఈ దేశపుదీ కాదు. ఎప్పుడో ఎవరో తెచ్చి వదిలారు. వాటిలో అవి కలిసిపోయి ఇప్పుడు ఏది ఏ రకమో చెప్పడానికి గాలం వేసే మా వాళ్ళు ఫొటోలు పెట్టుకుని కొట్టుకుంటున్నారు. అయినా అది సరదాకి పట్టి వదిలేది. విస్తట్లోకి రాదు."

లీలావతి అదంతా వింది. అసలు అడగాల్సింది ఇంకా అడగలేదు. కీర్తికని చూసింది. ఆ పిల్ల టీ కొట్టు దగ్గర ఐస్ మైలో కొనుక్కోవడానికి వెళ్ళింది. అప్పుడు గొంతు తగ్గించి అడిగింది.

"మరి ఆయన? ఆయనకి పడేవా?"

సుధాకరరావు ఏసుబాబు వంక చూశాడు. ఏసుబాబు సుధాకరరావు వంక చూశాడు. ఆ చూపులు పట్టుకుంది లీలావతి.

"ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకోవడం కాదు. ఆయన ఇంటికి తెచ్చిన పండుగప్పలు ఎక్కడివి? మధ్యాహ్నం చొక్కా మీద పులుసు ఎక్కడిది? ఎవరి ఇంట్లో తిన్నాడు?"

ఏసుబాబు ముఖంలో రంగు మారింది. "అయ్యో ఆంటీ, ఇల్లు ఎక్కడండి! అది మా డార్మిటరీ పులుసండి."

"డార్మిటరీనా?"

"అవునండి. అంకుల్‌కి పడేవన్నీ హైబ్రిడ్‌లేనండి. మా ఆవిడ ఈ చేపని గుమ్మం తొక్కనివ్వదురా, మీరు తినండి అని మాకిచ్చేసేవారు. అదిగో, ఆ నీలం గోడ ఉంది చూడండి, అదే మా డార్మిటరీ. నేను పట్టుకెళ్ళి పులుసు పెట్టి, డబ్బాలో పోసి, అన్నంతో సహా ఇక్కడికే తెచ్చేవాణ్ణి. ఈ బల్ల మీదే తినేవాళ్ళమండి. అంకుల్ చేత్తో కలుపుకుని జుర్రుకుంటుంటే చేతి మీదుగా కారేదండి, చొక్కా పాడయ్యేది. మీరు తిడతారని కుళాయి దగ్గర తోముకునేవారు."

"మరి పండుగప్ప?"

"అది నా పాపం," అన్నాడు సుధాకరరావు. "దారిలో మార్కెట్లో కొందాం అని మొదట నేనే అన్నాను. చేప తేకపోతే వచ్చే ఆదివారం ఫ్యాన్లు తుడవాలిరా అని వాడు భయపడుతుంటే. ఒకసారి మొదలయ్యాక ఆపలేకపోయాడు. ఏసుబాబు ఇంటికొస్తే ఇదంతా బయటపడుతుందనే రాడ్డు విరిగిందని చెప్పాను."

లీలావతి చెరువు వైపు తిరిగింది. ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక, ఒలికిన రొయ్యల్ని ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేసింది. రెండేళ్ళ పాటు తను బజారు చేపకి మొగుడి చేప అని మురిసిపోయి పులుసు పెట్టింది. రెండు పూటలా తిని, రెండో పూట కూడా బాగుంది అన్నాడా మనిషి! అయినా ఇద్దరూ కలిసి కథ అల్లారేమో? మగవాళ్ళు ఒకరికొకరు కాపు కాసుకోరా?

"నిజం అనడానికి ఏంటి సాక్ష్యం?" అంది చివరికి.

ఏసుబాబు బుర్ర గోక్కున్నాడు. "సాక్ష్యం అంటే, మీరే గాలం వేసి చూడండి ఆంటీ. ఏం పడుతుందో తెలిసిపోద్ది."

కుర్రవాడు ఎగతాళిగా అన్నాడో నిజంగా అన్నాడో గానీ, లీలావతి చీర కొంగు బిగించింది. కీర్తిక మైలో గ్లాసుతో పరుగెత్తుకొచ్చి, "ఓ మై గాడ్, అమ్మా!" అని ఫోన్ తీసింది. టౌకే కూడా గేటు వదిలి వచ్చాడు.

"ఆంటీ, కెన్ ఆర్ నాట్?"

"కెన్," అంది లీలావతి.

చీర అంచు చుట్టిన పిడి చేతికి మెత్తగా తగిలింది. చెమటకి, ఎండకి ఆ గుడ్డ రంగు వెలిసిపోయింది. బిగుతుగా వేసిన ముడి మాత్రం ఆయన వేసినట్టే ఉంది. ఏసుబాబు రొయ్య గుచ్చాడు, విసరడం చూపించాడు. మొదటిసారి గాలం వెళ్ళి రేకుకి తగిలింది. గట్టు మీద అందరూ తలలు దించుకున్నారు. రెండోసారి నీళ్ళలో పడింది.

దారం అలా కిందికి దిగుతుండగానే చేతిలో ఎవరో గుంజినట్టు లాగింది.

"వదలకండి! రీలు తిప్పండి ఆంటీ! అటు కాదు, ఇటు!"

"అరవకు, నాకు తెలుసు!"

తెలియదు. అయినా తిప్పింది. నీళ్ళ కింద బరువు కుడికి పోయింది, ఎడమకి పోయింది, సుధాకరరావు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు, చివరికి టౌకే స్వయంగా వల బుట్ట పెట్టి పైకి ఎత్తాడు. మట్టిరంగు ఒళ్ళు, సిరా మచ్చలు, లావాటి పెదాలు. హైబ్రిడ్.

"సీబాస్ లేజీ వన్," అన్నాడు టౌకే గర్వంగా. "దిస్ ఫిష్ ఆల్వేస్ హంగ్రీ. కస్టమర్ హ్యాపీ."

లీలావతి వంగి చేప నోరు చూసింది. పై పెదవిలో గాలం దిగి, చుట్టూ ఎర్రగా గాటు. తను పెట్టిన గాటు. తల్లి ఎవరో తండ్రి ఎవరో తెలియని చేప. కానీ ఇది తనంతట తాను నోరు తెరిచింది. మూలకి పోయి నక్కిన పండుగప్పల కంటే ఇదే నయం అనిపించింది. ఆయన ఆఖరి రెండేళ్ళు పట్టింది, తిన్నది కూడా దీన్నే. వీళ్ళు చెప్పేది నిజమైతే.

"రేపు పబ్లిక్ హాలిడే, సెలవేగా నీకు?" అంది ఏసుబాబుతో.

"సెలవేనండి."

"ఇంటికి రా. మీ అంకుల్‌కి పెట్టుకుంటున్నాం. అన్నయ్యగారూ, మీరూ రండి. బజారు చేప మీకు వేపుడు చేసి పెడతాను, మీ కష్టం మీరే తిందురు గాని."

సోమవారం పొద్దున్నే చేప తోమింది లీలావతి. పొలుసు సన్నగా ఉంది, తోలు మందంగా ఉంది, కండ తెల్లగా గట్టిగా ఉంది. ముక్క కోసినప్పుడల్లా వాసన చూసింది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు, దొరకనందుకు ఇంకాస్త అనుమానం వేసింది. తలకాయ ముక్క మాత్రం పెదవి గాటు కనపడేలా విడిగా ఉంచింది. చింతపండు పులుసు దగ్గర పడి, నూనె పైకి తేలాక దించింది.

ఫొటో గదిలో విస్తరి వేసి, అన్నం పెట్టి, పులుసు పోసి, తలకాయ ముక్కని ఆయన వైపు తిప్పి పెట్టింది. కొత్త చొక్కా పక్కన ఉంచింది. తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చింది. హాల్లో సుధాకరరావు, కీర్తిక నేల మీద కూర్చున్నారు. ఏసుబాబు ఉతికిన చొక్కా వేసుకుని, ఎక్కడ కూర్చోవాలో తెలియక గుమ్మం పక్కనే ఒదిగాడు. లీలావతి తలుపుకి చెవి ఆనించింది. కీర్తిక నవ్వబోయి, అమ్మ ముఖం చూసి ఆగిపోయింది.

కాసేపటికి తలుపు మెల్లగా తట్టి తీసింది. విస్తరి ఎలా పెట్టిందో అలాగే ఉంది. ఎలా ఉంటుందో తెలుసు. అయినా వంగి తలకాయ ముక్కని ఒకసారి చూసుకుంది.

ఏసుబాబుకి మొదట వడ్డించింది. అతను కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకునే దాకా కళ్ళార్పకుండా చూసింది.

"ఎలా ఉంది?"

"బాగుందండి." ముద్ద మింగాడు. "పులుపు కొంచెం ఎక్కువండి."

"ఏంటీ?" కీర్తిక, సుధాకరరావు ఇద్దరూ ముద్ద ఆపేశారు.

"కోప్పడకండి ఆంటీ. మా డార్మిటరీలో పులుపు తక్కువేస్తామండి, మాతో తినేవాళ్ళలో సగం మందికి పడదు. అంకుల్ తిన్నప్పుడల్లా అనేవారు. చేప మంచిదేరా, పులుసులో పులుపేదిరా, పులుపంటే మా ఆవిడ చెయ్యి అనేవారండి. ఒక్కసారి ఈ చేప ఆవిడ చేత వండించాలిరా, ఎలా ఒప్పించాలో తెలియట్లేదు అని కూడా అన్నారండి. ఇదేనన్నమాట ఆయన చెప్పిన పులుపు."

లీలావతి గరిటె గిన్నెలో పెట్టేసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది, ఆవిరికి తుడుచుకున్నట్టు.

"నిజంగా అన్నాడా? నా మొహం చూసి అంటున్నావా?"

"ప్రభువు తోడండి."

ఆమె ఇంకా నమ్మనట్టే చూసింది. తరువాత ఫొటో గది వైపు తిరిగి, అందరికీ వినపడేలా, "సరే, వండాను కదా. ఇప్పుడు తినండి," అంది. ఏసుబాబు విస్తట్లో ఇంకో ముక్క వేసి, దాని మీద ఇంకో గరిటె పులుసు పోసింది.